ఇద్దరు కాపలా ఉన్నా బంతి అందుకునేవాడు

(డాలస్ ఉత్తర శివారులో తెలుగు కుటుంబాలు నెలకొకసారి కలిసే సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూర్చున్నారు. వెనక గోడ దగ్గర పిల్లలు నిలబడి ఉన్నారు. ఆ పిల్లలకు అమెరికన్ ఫుట్‌బాల్ ఆట బాగా తెలుసు. అందుకే నేను ముఖ్యంగా ముందు వరుసలవాళ్ల కోసం మాట్లాడతాను. పిల్లలూ, నేను ఎక్కడైనా తప్పు చెబితే చెయ్యెత్తండి, అక్కడే సరిదిద్దుకుందాం.

మొన్న ఒక మిత్రుడి ఇంట్లో భోజనాల దగ్గర ఒక ప్రశ్న వచ్చింది. ఈ ప్రసంగం దానిలోంచి పుట్టిందే. ఆ మిత్రుడు ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. ‘ఫలానా జట్టుకు నిజమైన నంబర్ వన్ రిసీవర్ లేడు అని టీవీలో ఎప్పుడూ వాదించుకుంటూ ఉంటారు కదా, అందులో వాదన ఏముంది? ఎవడు ఎక్కువ బంతులు పట్టాడో లెక్క చూస్తే సరిపోదా?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ లెక్క చూస్తే సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది. మైదానం పొడవు 100 గజాలు, వెడల్పు 53 గజాల పైచిలుకు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి, వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లది. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతి విసురుతాడు. ముందుకు పరుగెత్తి దాన్ని పట్టుకునేవాడు రిసీవర్. రిసీవర్‌ను అంటిపెట్టుకుని తిరిగే కాపలాదారు కార్నర్‌బ్యాక్. అతను పొరపాటు చేస్తే ఆదుకోవడానికి వెనక దూరంగా నిలబడేవాడు సేఫ్టీ. అమ్మా, ఈ సేఫ్టీ అనే మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ సేఫ్టీ చుట్టూనే తిరుగుతుంది.

మనలో చాలామంది చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాళ్లమే. గుర్తు చేసుకోండి. మామూలువాడు కూతకు వస్తే అవతలి జట్టు ఎలా నిలబడుతుంది? చేతులు వదులుగా పట్టుకుని, ఒకరినొకరు చూసుకుంటూ. కానీ ప్రతి ఊళ్లోనూ ఒకడు ఉంటాడు కదా, వాడు గీత దాటితే ఏమవుతుంది? చేతులు బిగుసుకుంటాయి. మూలన ఉన్నవాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. మధ్యలో ఉన్నవాడు వాడివైపు జరుగుతాడు. వాడు ఇంకా ఎవరినీ ముట్టుకోలేదు. కూత మొదలుపెట్టాడు, అంతే. అప్పుడే అవతలి ఏడుగురి నిలుపు మారిపోయింది. నంబర్ వన్ రిసీవర్ అంటే వాడే. బంతి వాడి దగ్గరికి రాకముందే ఎదుటి జట్టు నిలబడే తీరును మార్చేవాడు.

ఇప్పుడు లెక్క సంగతికి వద్దాం. ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే ఇక్కడి వృత్తి ఆటగాళ్ల లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి. ప్రతి జట్టులోనూ ఆ ఏడాది అందరికంటే ఎక్కువ బంతులు పట్టినవాడు ఒకడు ఉంటాడు. ఉండక తప్పదు కదా? మరి 32 మంది నంబర్ వన్‌లు ఉన్నారా? ఎప్పుడూ లేరు. మంచి ఏడాదిలో పది, పన్నెండు మంది ఉంటారేమో, అంతే. మిగతా జట్లలో ఎక్కువ బంతులు పట్టినవాడు ఉన్నాడు, ఎదుటివాళ్లు భయపడేవాడు లేడు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవాలంటే దూరం వెళ్లక్కర్లేదు. మన డాలస్‌లోనే జరిగిన కథ ఉంది.

2018 ఏప్రిల్‌లో డాలస్ కౌబాయ్స్ డెజ్ బ్రయంట్‌ను వదిలేసింది. బ్రయంట్ అంటే ఈ జట్టు చరిత్రలో బంతి పట్టి ఎక్కువ టచ్‌డౌన్లు చేసినవాడు, మొత్తం 73. టచ్‌డౌన్ అంటే బంతిని అవతలి చివరి గీత దాటించడం. వయసు పెరిగింది, జీతం ఎక్కువ, పోనిమ్మన్నారు. మరి అతని స్థానంలో ఎవరు? ఎవరూ అక్కర్లేదన్నారు. నలుగురైదుగురు రిసీవర్లు కలిసి పంచుకుంటారు, ఇవాళ ఒకడు, రేపు ఒకడు అన్నారు. కాగితం మీద తెలివైన ఆలోచనే. ఐదుగురిలో ఎవరు పట్టినా గజాలు గజాలే కదా?

ఏం జరిగింది? మొదటి ఏడు ఆటల్లో మూడు గెలిచి నాలుగు ఓడారు. నేను ఆ ఆటలన్నీ చూశాను. ఆ జట్టులో ఎజికియల్ ఎలియట్ అనే పరుగువీరుడు ఉన్నాడు, బంతి చేత్తో పట్టుకుని గుంపులోంచి దూసుకుపోయేవాడు. అవతలివాళ్లు ఏం చేశారంటే, ఆ సేఫ్టీని వెనక ఉంచకుండా ముందుకు తెచ్చి ఎలియట్ దారిలో నిలబెట్టారు. వెనక ఖాళీ వదిలేశారు. ఎందుకు వదలగలిగారు? ఆ ఖాళీలోకి వెళ్లి కొంప ముంచే రిసీవర్ లేడు కాబట్టి. ఒక్కొక్కరికి ఒక్కొక్క కాపలాదారు చాలు అనుకున్నారు, నిజంగానే సరిపోయాడు. ఐదుగురు మంచివాళ్లు ఉన్నారు. ఆ ఐదుగురూ కలిసి అవతలి సేఫ్టీని ఒక్క అడుగు వెనక్కి జరపలేకపోయారు.

అక్టోబర్ 22న కౌబాయ్స్ వాళ్లు ఓక్‌లాండ్ నుంచి అమారీ కూపర్‌ను తెచ్చుకున్నారు. ఇచ్చిన వెల ఏమిటి? తర్వాతి ఏడాది డ్రాఫ్టులో మొదటి రౌండు అవకాశం. డ్రాఫ్టు అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి. మొదటి రౌండు వంతు అంటే బంగారం. కూపర్ ఆ ఏడాది ఓక్‌లాండ్‌లో ఆరు ఆటల్లో పట్టింది 22 బంతులు. లెక్క చూసేవాళ్లంతా నెత్తి కొట్టుకున్నారు. మా ఆఫీసులో ఆ రోజు పని జరగలేదు, ఇదే చర్చ.

అతను వచ్చాక తొమ్మిది ఆటలు. ఏడు గెలిచారు. 10 గెలుపులు, 6 ఓటములతో తమ విభాగంలో మొదటి స్థానం. కూపర్ ఆ తొమ్మిది ఆటల్లో 725 గజాలు సంపాదించాడు, ఆరు టచ్‌డౌన్లు చేశాడు. డిసెంబరులో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌తో ఇక్కడే ఆర్లింగ్టన్‌లో జరిగిన ఆటలో ఒక్కడే 217 గజాలు, మూడు టచ్‌డౌన్లు. చివరిది అదనపు సమయంలో. కాపలాదారు చేతికి తగిలి గాల్లోకి లేచిన బంతిని అందుకుని లోపలికి వెళ్లిపోయాడు. అది అందరూ చూశారు. నేను చూడమనేది వేరే. ఆ తొమ్మిది ఆటల్లో సేఫ్టీ ఎక్కడ నిలబడ్డాడు? మళ్లీ వెనక్కి వెళ్లాడు. ఎలియట్‌కు దారి తెరుచుకుంది. ఆ ఏడాది పరుగుల్లో లీగ్ మొత్తానికీ ఎలియటే మొదటివాడు, 1,434 గజాలు. చిన్న రిసీవర్లు కూడా సులువుగా ఖాళీ దొరికించుకున్నారు. అదే క్వార్టర్‌బ్యాక్, అదే కోచ్, అవే ఎత్తుగడలు. ఒక్క మనిషి మారాడు.

అయితే నేను నిజం పూర్తిగా చెప్పాలి. కూపర్ చివరిదాకా నంబర్ వన్‌గా నిలిచాడా? నా అభిప్రాయం, నిలవలేదు. 2019 నవంబర్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌తో వానలో ఆట. వాళ్ల కార్నర్‌బ్యాక్ స్టెఫాన్ గిల్మోర్ ఆట పొడుగునా కూపర్‌ను వదలలేదు. కూపర్ పట్టిన బంతులు సున్నా. గిల్మోర్ ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు, నిజమే. ఎంత గొప్పవాడికైనా ఒక చెడ్డ రోజు ఉంటుంది, అదీ నిజమే. కానీ మంచి కాపలాదారు ఒక్కడు చాలు అనే మాట లీగ్‌లో పాకిందంటే ఆ రిసీవర్ విలువ మారిపోతుంది. రెండో మనిషిని పంపాల్సిన అవసరం లేదని తెలిసిపోయింది కదా. 2022 మార్చిలో కౌబాయ్స్ అతన్ని క్లీవ్‌లాండ్‌కు ఇచ్చి ప్రధానంగా ఐదో రౌండు వంతు ఒకటి పుచ్చుకుంది. వచ్చేటప్పుడు మొదటి రౌండు, పోయేటప్పుడు ఐదో రౌండు. పెద్ద జీతం వదిలించుకోవాలన్న తొందర కూడా అందులో ఉంది, ఆ సంగతీ చెప్పాలి.

అప్పుడు అందరూ అన్నది ఇంకోటి ఉంది. కూపర్ వెళ్లిపోతే అదే జట్టులోని ఇంకో రిసీవర్ సీడీ లాంబ్ సంగతి ఏమిటి? పక్కన కూపర్ ఉన్నాడు కాబట్టి లాంబ్‌కు తేలిక, ఇక ఇద్దరు కాపలాదారులూ ఇతని మీదికే వస్తారు, అంకెలు పడిపోతాయి అన్నారు. కూపర్ ఉన్న చివరి ఏడాది 2021లో లాంబ్ 1,102 గజాలు. ఇద్దరు కాపలాదారులు మీద పడిన 2022లో 1,359. 2023లో 1,749 గజాలు, 135 బంతులు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ బంతులు పట్టినవాడు అతనే. పరీక్ష కష్టమయ్యేకొద్దీ మార్కులు పెరిగాయి. నంబర్ వన్ అనే మాటను నేను అలాంటివాడికే వాడతాను.

ఎదుటివాళ్ల నిలుపు మారడం అన్నాను. ఒక్కొక్కసారి నిలుపు మారితే చాలదు, జట్టే మారాలి. రాండీ మాస్ అని ఒకడు. 1998 డ్రాఫ్టులో 21వ వంతు దాకా అతన్ని ఎవరూ తీసుకోలేదు. మన కౌబాయ్స్‌కు ఎనిమిదో వంతు ఉంది, వాళ్లూ తీసుకోలేదు. మిన్నెసోటా వైకింగ్స్ తీసుకుంది. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ రోజున అతను ఇక్కడికి, అప్పటి ఇర్వింగ్ స్టేడియానికి వచ్చాడు. మూడు బంతులు పట్టాడు. మూడూ టచ్‌డౌన్లే. 163 గజాలు. మీరు లెక్క చూస్తే మూడే క్యాచ్‌లు! పెద్దగా ఆడలేదనుకుంటారు.

వైకింగ్స్ ఉన్న విభాగంలోనే గ్రీన్‌బే పాకర్స్ ఉంది. ఏడాదికి రెండుసార్లు మాస్‌ను ఎదుర్కోక తప్పదు. ఆ అక్టోబరులో వాళ్ల సొంత మైదానంలోనే మాస్ 190 గజాలు కొట్టి వెళ్లాడు. మరుసటి ఏడాది డ్రాఫ్టులో పాకర్స్ తమ మొదటి మూడు వంతుల్లో ఎవరిని తీసుకుందో తెలుసా? ముగ్గురూ వెనక కాపలా కాసేవాళ్లే. ఒక పక్కింటి కుర్రాడికి భయపడి ఇంటికి మూడు కొత్త తలుపులు చేయించుకున్నట్టు! ఇంతకంటే పెద్ద బిరుదు ఏ రిసీవర్‌కు కావాలి చెప్పండి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పని ఎలా చేస్తారు? అందరూ చేతులు అంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. మా అబ్బాయి హైస్కూలు జట్టులో రిసీవర్‌గా చేరాక నా ఆలోచన మారింది.

రెండేళ్ల కిందట ఆగస్టులో ఒక సాయంత్రం వాడిని తీసుకురావడానికి వెళ్లి కంచె బయట నిలబడ్డాను. టెక్సాస్ ఆగస్టు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గంటసేపు చూశాను. ఆ గంటలో వాడి చేతికి ఒక్క బంతి రాలేదు. కోచ్ బంతులన్నీ సంచిలో వేసి మూతి కట్టి పక్కన పెట్టేశాడు. వాడు గీత మీద నిలబడాలి. ఎదురుగా ఇంకో కుర్రాడు చేతులు చాచి నిలబడతాడు. ఈల వేయగానే మావాడు ఆ కుర్రాడిని తప్పించుకుని మూడు అడుగులు వేయాలి. అంతే. మళ్లీ వెనక్కి. మళ్లీ ఈల. మళ్లీ మూడు అడుగులు. ప్రతిసారీ ఎదుటి కుర్రాడు మావాడి ఛాతీ మీద చెయ్యి వేసి ఆపేస్తున్నాడు. ప్రతిసారీ. నాకు మనసు చివుక్కుమంది. అప్పుడు కోచ్ వచ్చి మావాడి పక్కన మోకాలి మీద కూర్చుని వాడి వెనక కాలి మడమను వేలితో చూపించాడు. ఈల వేయకముందే ఆ మడమ రవ్వంత పైకి లేస్తోంది. ఎటు వెళ్లబోతున్నాడో ఎదుటివాడికి ఆ మడమ చెప్పేస్తోంది.

ఆ మడమ మాట్లాడకుండా ఉండడానికి వాడికి దాదాపు రెండు నెలలు పట్టింది. రాత్రి గ్యారేజీలో లైటు వేసుకుని అద్దం ముందు మూడు అడుగులు వేసేవాడు. అక్టోబరులో వాళ్లమ్మ కొత్త బూట్లు కొందామని పాతవి చేతిలోకి తీసుకుని, ‘ఇదేమిటి, ఎడమ బూటు లోపలి అంచు ఒక్కటే ఇంతగా అరిగిపోయింది, మిగతాదంతా బాగానే ఉందే’ అంది. ఆ అంచు మీదే బరువంతా మోపి కుడివైపు తిరుగుతాడు. వందల సార్లు, ఒకే అంచు మీద. ఆ బూటు మా ఇంట్లో ఇంకా ఉంది, పారేయనివ్వలేదు నేను.

పెద్ద ఆటలోనూ ఇదే. కాపలాదారు మొదటి ఐదు గజాల్లో రిసీవర్‌ను చేత్తో అడ్డుకోవచ్చు, ఆ తర్వాత ముట్టుకోకూడదు. 1978లో వచ్చిన నియమం. కాబట్టి కాపలాదారు బలమంతా ఆ ఐదు గజాల్లోనే. అక్కడ తప్పించుకున్నవాడు తర్వాత సగం గెలిచినట్టే. డవాంటే ఆడమ్స్ అనే రిసీవర్ ఆట ఎప్పుడైనా చూడండి. గీత మీద అతని పాదాలు చూడండి. చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడినవాడు, ఆ పాదాల్లో అది కనిపిస్తుంది. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి, మళ్లీ కుడికి, ఎదుటివాడి నడుము ఎప్పుడు తిరిగితే అప్పుడు దానికి అవతలి వైపు. 2020లో 14 ఆటల్లో 18 టచ్‌డౌన్లు చేశాడు. అందులో ఎన్నిటిలో అతను బంతి పట్టే సమయానికి చుట్టూ ఎవరూ లేరో చూస్తే, ఇంత గొప్పవాడిని ఎందుకు వదిలేశారు అనిపిస్తుంది. వాళ్లు వదిలేయలేదండీ. మొదటి అర సెకనులోనే పడిపోయారు.

తర్వాత దారులు. రిసీవర్ పరుగెత్తే దారులకు అంకెలు పెట్టారు. సాధారణంగా సరిసంఖ్య అయితే మైదానం మధ్యకు తిరుగుతాడు, బేసిసంఖ్య అయితే అంచువైపు. తొమ్మిది అంటే ఎటూ తిరగకుండా నేరుగా పరుగు. ఇవి నేర్చుకోవడం కష్టం కాదు, మా వీధిలో పదేళ్ల పిల్లలు చెబుతారు. అన్ని దారులూ మొదటి పది గజాలు ఒకేలా కనిపించేట్టు పరుగెత్తడం కష్టం. అదే వేగం, అదే భుజాల వంపు, అవే చేతుల ఊపు. ఆగబోయేవాడు ఆగబోతున్నట్టు కనిపించకూడదు. మామూలు రిసీవర్‌కు రెండు మూడు దారులు అద్భుతంగా వస్తాయి, నంబర్ వన్‌కు అన్నీ రావాలి. ఎందుకు? రెండే వచ్చినవాడికి రెండు చోట్ల కాపలా పెడితే చాలు కాబట్టి.

వేగం అక్కర్లేదా అని అడుగుతారు. ఉంటే మంచిదే. కానీ కూపర్ కప్ అనే ఇంకో రిసీవర్‌ను చూడండి. ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న కాలేజీ నుంచి వచ్చాడు, 40 గజాల పరుగులో అతని సమయం 4.62 సెకన్లు, ఈ స్థానానికి అది నెమ్మది. మూడో రౌండులో తీసుకున్నారు. పైగా అతను ఎక్కువగా అంచున నిలబడడు, లోపలి వైపు నిలబడతాడు. నిజమైన నంబర్ వన్ అంచునే నిలబడాలని, పొడుగ్గా ఉండాలని ఒక పాత నమ్మకం ఉంది. 2021లో కప్ 145 బంతులు పట్టాడు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లు. మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడు. ఆ ఏడాది సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, అతని జతగాడు ఓడెల్ బెక్‌హామ్ మోకాలు దెబ్బతిని మధ్యలోనే బయటికి వెళ్లాడు. ఇక సిన్సినాటి బెంగాల్స్‌వాళ్లు ఎవరిని చూడాలో అందరికీ తెలుసు. చివరి నిమిషాల్లో కప్ జట్టు ర్యామ్స్ మళ్లీ మళ్లీ అతనికే విసిరారు, అతనే పట్టాడు, గెలుపు టచ్‌డౌన్ కూడా అతనిదే. ఆ రోజు నుంచి అంచున నిలబడాలి, లోపల నిలబడాలి అనే వాదన నా మట్టుకు ముగిసిపోయింది. స్టీవ్ స్మిత్ అనే ఇంకో రిసీవర్ ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. 2005లో అతనూ మూడింటిలో మొదటివాడే. ఎత్తు గురించి ఇంక మాట్లాడను.

చేతులు కావాలి, కాదనడం లేదు. పాదాలు ఎంత పని చేసినా తప్పించుకోలేని సందర్భం వస్తుంది. 2022 నవంబర్‌లో వైకింగ్స్ బఫలోలో ఆడుతోంది. నాలుగో అవకాశం, ఇంకా 18 గజాలు కావాలి. పోతే ఆట పోయినట్టే. ఎవరికి విసురుతారో తెలియనివాడు ఆ స్టేడియంలో ఉన్నాడా? జస్టిన్ జెఫర్సన్‌కే విసిరారు. కాపలాదారు చేతులు రెండూ బంతి మీద ఉన్నాయి. జెఫర్సన్ వెనక్కి వాలిపోతూ ఒక్క చేత్తో ఆ బంతిని లాక్కుని నేలమీద పడ్డాడు. 32 గజాలు. ఆట అదనపు సమయానికి వెళ్లింది, వైకింగ్స్ గెలిచింది. ఇదే జెఫర్సన్‌ను 2020 డ్రాఫ్టులో ఈగిల్స్ 21వ వంతులో వదిలేసి జేలెన్ రేగర్ అనే ఇంకో రిసీవర్‌ను తీసుకుంది, 22వ వంతులో వైకింగ్స్ ఇతన్ని తీసుకుంది. ముందే గుర్తుపట్టడం ఎంత కష్టమో చూడండి. రాత్రింబవళ్లు ఇదే పనిగా చూసేవాళ్లు కూడా పొరబడతారు.

గెలిచే జట్టులో ఉన్నవాడే నంబర్ వన్ అని మాత్రం ఎవరూ అనుకోకండి. డెట్రాయిట్ లయన్స్‌కు కాల్విన్ జాన్సన్ తొమ్మిదేళ్లు ఆడాడు. ఆ తొమ్మిదేళ్లలో ఆ జట్టు ఒక్క ప్లేఆఫ్ ఆట, అంటే సీజను చివరి నాకౌట్ ఆట, గెలవలేదు. 2012లో అతను 1,964 గజాలు సంపాదించాడు, ఒక సీజనులో అప్పటిదాకా ఎవరూ చేరని అంకె. ఆ ఏడాది జట్టు గెలిచింది 16 ఆటల్లో నాలుగు. మన కౌబాయ్స్ మీద 2013లో ఒకే ఆటలో 329 గజాలు. నేను ఆ ఆట చూస్తూ, ఇద్దరు పట్టుకున్నా ఆగడం లేదేమిటి అని టీవీ ముందు లేచి నిలబడిపోయాను. అవతలి సైన్యాన్ని ఒక్కడు రెండుగా చీల్చగలడు. ఆ చీలికలోంచి దూరి వెళ్లడానికి మిగతా పదిమంది కావాలి. వాళ్లు లేకపోతే అది అతని తప్పా?

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, ఇది నా మనసుకు దగ్గరది. పోయిన సీజనులో ఒక శుక్రవారం రాత్రి మా అబ్బాయి ఆటకు వెళ్లాం. మా అమ్మ కూడా ఇండియా నుంచి వచ్చి ఉంది, ఆవిడా వచ్చింది. ఆట అయిపోయింది. మావాడు పట్టిన బంతులు సున్నా. కారులో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. మా అమ్మే, ‘ఒరేయ్ నాన్నా, నీకు బంతి ఎందుకు వేయలేదురా’ అంది. వాడు నవ్వి, ‘నానమ్మా, ఆ రెండోవైపు కుర్రాడు రెండు టచ్‌డౌన్లు చేశాడు, చూశావా? నా దగ్గర ఎంతమంది ఉన్నారో చూశావా?’ అన్నాడు. నేను చూడలేదు. ఆట మొత్తం బంతినే చూశాను. ఇంటికి వచ్చి వాళ్ల కోచ్ పంపిన వీడియో పెట్టుకుని మళ్లీ చూశాను. రెండో సగంలో ప్రతిసారీ వాడి మీద ఒకడు, వాడి వెనక ఇంకొకడు. ప్రతిసారీ వాడు తనకే బంతి వస్తున్నంత వేగంగా పరుగెత్తాడు. ఒక్కసారి కూడా నడవలేదు. నడిచి ఉంటే ఆ ఇద్దరిలో ఒకడు అటువైపు వెళ్లిపోయేవాడు.

జెర్రీ రైస్ గురించి చెప్పి ముగిస్తాను. ఈ ఆటలో రిసీవర్లందరిలోకీ గొప్పవాడు. మిసిసిపీలో తాపీ మేస్త్రి కొడుకు. అన్నదమ్ములు పైకి విసిరే ఇటుకలు పట్టుకుంటూ పెరిగాడు. జీవితం మొత్తానికి 22,895 గజాలు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌జెరాల్డ్‌కు 17,492. మధ్యలో ఐదు వేలకు పైగా తేడా! సాధనలో ఏ చిన్న బంతి పట్టినా అక్కడ ఆగకుండా చివరి గీత దాకా పరుగెత్తేవాడు. ప్రతి బంతికీ.

1989 జనవరి, మయామీ, 23వ సూపర్ బౌల్. బెంగాల్స్ 16, రైస్ జట్టు ఫార్టీనైనర్స్ 13. నిమిషం కూడా లేదు, చివరి గీతకు పది గజాల దూరం. అప్పటికే రైస్ 11 బంతులు పట్టి 215 గజాలు సంపాదించి ఉన్నాడు, ఆ రోజు ఉత్తమ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. బంతి కదలకముందు రైస్ ఒకవైపు నుంచి ఇంకోవైపు పరుగెత్తాడు. బెంగాల్స్ కళ్లు అతనితో పాటే కదిలాయి. మధ్యలోంచి ఇంకో రిసీవర్ జాన్ టేలర్ లోపలికి వెళ్లాడు. క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా అతనికి విసిరాడు. ఆ ఆట మొత్తంలో టేలర్ పట్టిన ఒకే ఒక్క బంతి అది. 34 సెకన్లు మిగిలి ఉన్నాయి. ఫార్టీనైనర్స్ 20–16తో గెలిచింది. లెక్కల పుస్తకంలో ఆ టచ్‌డౌన్ టేలర్ పేరున ఉంటుంది. అలాగే ఉండాలి కూడా, పట్టింది అతను.

ముందు వరుసలవాళ్లకు ఒక చిన్న పని ఇస్తాను. ఈ ఆదివారం మీ మనవలు టీవీ పెట్టినప్పుడు పక్కన కూర్చోండి. బంతి కదలకముందు రెండు క్షణాలు దొరుకుతాయి. ఆ రెండు క్షణాల్లో బంతిని చూడకండి. వెనక ఒంటరిగా నిలబడి ఉంటాడు చూడండి, ఆ సేఫ్టీని చూడండి. అతను ఎటువైపు ఒక అడుగు వేస్తున్నాడో మీ మనవడికి చెప్పండి. అటువైపు ఎవరున్నారో వాడు మీకు చెబుతాడు.

ఇక ప్రశ్నలు. వెనక చెయ్యెత్తిన బాబూ, ముందు నువ్వే అడుగు.